చుట్టాల కూజా

నోట్లో రెండు వేళ్ళూ ఒక పట్టకారూ ఉన్న మనిషి ఎవరితోనూ వాదించలేడు. డాక్టర్ ఆంబ్రోస్ టిల్లరీ తన జీవితాన్నంతా ఈ ఒక్క సంగతి మీద కట్టుకున్నాడు. టెక్సాస్‌లోని డోరన్ వెల్స్ ఊళ్ళో ఆయన కుర్చీలో వాలినవాడికి ముందు దవడ మొద్దుబారేది, ఆ తరవాత బుర్ర. "కొంచెం వెడల్పుగా తెరవండి. అదీ. ఇల్లినాయిలో మీకు పొలం ఎంతుందన్నారు? అంతేనా? అదే ఇక్కడయితేనా..." అని మొదలుపెట్టేవాడు. కుర్చీలోవాడు "ఆఁ ఆఁ" అనేవాడు. నొప్పికి అన్నాడో, ఒప్పుకుని అన్నాడో డాక్టరు విడమర్చి అడిగేవాడు కాదు. పన్ను ఊడి గిన్నెలో పడేసరికి ఆ మనిషి సగం టెక్సాస్ వాడైపోయేవాడు.

ఆయన భార్య అడెలా పక్కగదిలో కుట్టుపని చేసుకుంటూ ఈ మాటలన్నీ వినేది. విన్నవే విన్నా ఆవిడకి విసుగు పుట్టేది కాదు. మిజోరీలో కాళ్ళతో తొక్కే చర్చి హార్మోనియం వాయించుకుంటూ బతికిన పిల్లని ఈ గాలీ గడ్డీ తప్ప ఏమీ లేని మైదానానికి తీసుకొచ్చినవి ఆ మాటలే కదా. మొగుడి మాట మీద ఆవిడకి ఎంత గురి అంటే, ఆయన రేపు వాన పడుతుందంటే ఆరేసిన బట్టలు ఇవాళే తీసేసేది.

ఆయన మొదట ఈ ప్రాంతానికి వచ్చినప్పుడు ఇక్కడ మనుషుల కంటే ఆవులే ఎక్కువ. ఆవులకి పన్ను నొప్పెట్టినా డాక్టరు అక్కర్లేదు. కాలితో తొక్కే డ్రిల్లూ, మడతకుర్చీ, విస్కీ సీసా బండిలో పడేసుకుని పశువుల్ని పెంచే ఒక రాంచ్ నుంచి ఇంకో రాంచ్‌కి పోయేవాడు. పొద్దస్తమానం ప్రయాణం చేస్తే ఒక్క నోరు దొరికేది. పళ్ళు కావాలంటే మనుషులు కావాలి, మనుషులు రావాలంటే నాగళ్ళు రావాలి అని ఆయనకి ఆ బండి మీదే తోచింది. ఇంటి వెనక గడ్డినేల చీల్చి గోధుమ వేశాడు. లోతుగా దున్నమన్నాడు, వాన పడ్డ మర్నాడే పైమట్టి గుల్ల చెయ్యమన్నాడు, అలా చేస్తే తడి ఆరదన్నాడు. పశువుల కాపర్లు కంచె మీద మోచేతులానించి నవ్వారు. "డాక్టరూ, మా పళ్ళయిపోయాయని ఇప్పుడు నేల పళ్ళు పీకుతున్నావా?" అని వాళ్ళు వేళాకోళం చేస్తే ఆయనా నవ్వాడు. మూడో ఏడు గోధుమ నడుముదాకా లేచింది. ఆ పనల్ని మోసుకెళ్ళి రైలు కంపెనీవాళ్ళ బల్ల మీద పడేశాడు. అక్కడ రైలాగడం మొదలయింది, స్టేషను పక్కన లోతు బావి పడింది, దాని మీద గాలిమర లేచింది. ఊరికి ఆ బావి పేరే పెట్టారు. కొత్తగా వచ్చిన రైతు కుటుంబాలకి మొదటి ఏడాది డబ్బు తీసుకోకుండా పళ్ళు చూసేవాడు. ఆయన్ని కాదని ఆ ఊళ్ళో చర్చికి సున్నం కూడా వేసేవారు కాదు.

ఇందులో అబద్ధం ఏమీ లేదు. గోధుమ నిజం, రైలు నిజం, ఆయన చెమటా నిజమే. అందుకే తరవాత అడెలాకి అంత బాధయింది. పూర్తిగా దగాకోరు అయ్యుంటే ఎప్పుడో పసిగట్టేది.

ఆ ఇంట్లో రెండు కూజాలుండేవి. నీలం కూజాలో వాననీళ్ళు. ఇంటి కప్పు మీంచి జారిన నీళ్ళు వెనక రాతి తొట్టిలో పడేవి, డాక్టరే దానికి మూత చేసి తాళం పెట్టాడు. తెల్ల కూజాలో బావినీళ్ళు. కూతురు మేబెల్ పుట్టినప్పుడు ఆయన గట్టిగా చెప్పాడు, "పాప కడుపు సున్నితం. బావినీళ్ళు బరువు. దీనికి వాననీళ్ళే పట్టు." ఈ ప్రాంతంలో వాన ఎంత పడుతుంది గనక? తొట్టిలో ఉన్నవి మేబెల్‌కే సరిపోయేవి. ఇక ఇంటికొచ్చినవాళ్ళకి తప్పనిసరిగా తెల్ల కూజా. "ఊరికి భూములు చూడ్డానికి వచ్చినవాళ్ళకి నా ఇంట్లో వాననీళ్ళు పోస్తే ఏమనుకుంటారు? డాక్టరుకే తన బావి మీద నమ్మకం లేదంటారు" అనేవాడు. అదీ నిజమే కదా అనుకుంది అడెలా.

మేబెల్‌కి మూడేళ్ళప్పుడు ఒకసారి, ఎవరూ చూడకుండా తెల్ల కూజాలోవి గ్లాసులో వంచుకుని పెదాల దగ్గర పెట్టుకుంది. ఎన్నడూ గొంతు పెంచని డాక్టరు, గదికి అటువైపు నుంచి ఒక్క అంగలో వచ్చి ఆ గ్లాసుని కొట్టాడు. అది గోడకి తగిలి పగిలింది. పిల్ల హడలిపోయి ఏడ్చింది. ఆయన వెంటనే నవ్వేసి, "మురికి గ్లాసు. ఇందులో పట్టకార్లు నానేశాను" అన్నాడు. అడెలా గాజుముక్కలు ఏరి పారేసి, ఆ సంగతి మరిచిపోయింది.

చెల్లెలు హెస్టర్‌ని రమ్మన్నది అడెలాయే. మిజోరీలో హెస్టర్ మొగుడు లూథర్ కౌలుచేను దున్నుకుంటుంటే, డాక్టరు భోజనం దగ్గర అన్నాడు, "పరాయివాళ్ళందరికీ పొలాలు చూపిస్తున్నాను, మనవాళ్ళు కౌలు కట్టుకుంటూ చావాలా? నువ్వు పిలిస్తే మీ చెల్లెలు కాదనదు." కాదనలేదు. ఫెర్న్‌ని చంకనేసుకుని రైలు దిగింది. అప్పటికి ఫెర్న్ పాలు తాగే పిల్ల. ఊరికి మైలు దూరంలో వాళ్ళ పొలం, వాళ్ళకీ ఒక లోతు బావి, గాలిమర. అడెలా ఆ రోజు సంతోషంతో ఏడ్చింది. ఆ ఊళ్ళో ఆవిడని అక్కా అని పిలిచేవాళ్ళు అప్పటిదాకా ఎవరూ లేరు.

ఫెర్న్‌ది మంచి గొంతు. శనివారాలు పెద్దమ్మ దగ్గర పాటలు నేర్చుకోవడానికి వచ్చేది. పాటయ్యాక మేబెల్‌కీ ఫెర్న్‌కీ మొక్కజొన్న రొట్టె మీద తేనె పోసి పెట్టి, ఒకరికి నీలం కూజాలోంచి, ఒకరికి తెల్ల కూజాలోంచి నీళ్ళు వంచేది అడెలా.

"పెద్దమ్మా, నాకూ అక్క తాగేవి పొయ్యొచ్చుగా?" అంది ఫెర్న్ ఒకసారి.

"నువ్వు చుట్టానివి కదే. చుట్టాలకి తెల్ల కూజా" అంది అడెలా. దాని మీద పువ్వుల బొమ్మలుండేవి. ఆ మాటకి ఫెర్న్ పొంగిపోయింది. ఆ తరవాత మేబెల్ ఎప్పుడైనా గొడవపడితే, "నేను చుట్టాన్ని, నాది పువ్వుల కూజా" అని దబాయించేది.

ఫెర్న్‌కి పాలపళ్ళు ఊడి కొత్తవి వచ్చాయి. ముందు రెండూ పెద్దవి, వెడల్పువి, వాటి మీద అడ్డంగా గోధుమరంగు చారలు. టీ డికాషన్‌లో ముంచిన గుడ్డతో తుడిచినట్టు. హెస్టర్ కంగారుపడి బావగారి దగ్గరికి తీసుకొచ్చింది. డాక్టరు అద్దం పెట్టి చూసి, "శుభ్రం చాలదమ్మా. సోడాతో బాగా తోమించు. పిల్లలు మాట వినరు, నువ్వే దగ్గరుండాలి" అన్నాడు. హెస్టర్ దగ్గరుండి తోమించింది. సోడాతో, ఉప్పుతో, పొయ్యి బూడిదతో, చిగుళ్ళు రక్తం కారేదాకా తోమింది. ఆ పిల్ల ఏడుస్తుంటే, "నా పెంపకం తిన్నగా లేదనుకుంటారే అందరూ, ఓర్చుకో" అనేది. మరక మాత్రం ఇసుమంతైనా పోలేదు. ఫెర్న్ నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నవ్వడం నేర్చుకుంది.

ఆ సెప్టెంబరులో భూముల రైలు వస్తోందంటే ఊరంతా హడావుడి. ఇండియానా, ఒహాయోల నుంచి భూములు చూడవచ్చేవాళ్ళతో నిండిన రైలది. ప్రతిసారీ ఒకటే తంతు. ప్లాట్‌ఫారం మీద గుమ్మడికాయలూ గోధుమపనలూ పేర్చడం, అడెలా హార్మోనియం వాయిస్తుంటే ఊరి పిల్లలు వరసగా నించుని పాడడం, డాక్టరు అందరికంటే ముందు ఒక గ్లాసు బావినీళ్ళు గటగటా తాగి, ఆ తరవాత దిగినవాళ్ళందరికీ గ్లాసులు అందించడం. ఈసారి లూథర్ కూడా ఆ రైలు కోసమే కాచుక్కూర్చున్నాడు. రెండేళ్ళుగా పంట చేతికి రాలేదు. ఇండియానా మనిషి ఒకాయన వాళ్ళ పొలం కొనడానికి దాదాపు ఒప్పుకున్నాడు, చూసి సంతకం పెట్టడమే తరువాయి. అమ్ముడుపోతే పిల్లలిద్దరినీ తీసుకుని వాళ్ళు మిజోరీ వెళ్ళిపోతారు. పెద్దది ఫెర్న్, చిన్నవాడు ఓటిస్, ఇంకా ఏడాది కూడా నిండలేదు.

రైలుకి ముందురోజు మధ్యాహ్నం చర్చిలో పాటకి పిల్లలు చేరారు. డాక్టరు వచ్చి, "ఏదీ, అందరూ ఒకసారి పళ్ళు కనబడేట్టు నవ్వండి" అన్నాడు. వరస వెంట నడుస్తూ ఒక్కొక్కరి గడ్డం ఎత్తి చూసి, కొందర్ని కుడివైపుకీ, కొందర్ని ఎడమవైపుకీ పంపాడు. కుడివైపు వాళ్ళు పాడతారు. ఎడమవైపు వాళ్ళు గుమ్మడికాయల దగ్గర నించుని జెండాలు ఊపుతారు. జెండా ఊపడం ఎంత గొప్పదో వాళ్ళకి చెప్పి, తలలు నిమిరి, వెళ్ళిపోయాడు. ప్రతి ఏడూ ఇలాగే ఎంచేవాడు. ఎత్తు చూసి ఎంచుతున్నాడనుకునేది అడెలా.

ఫెర్న్ ఎడమవైపుంది. అందరూ వెళ్ళాక హార్మోనియం పక్కకి వచ్చి నించుంది.

"పెద్దమ్మా, నేను నోరు కొంచెమే తెరిచి పాడతాను. పైపెదవి కిందికి లాగి పట్టుకుంటాను. చూడు, కనపడవు" అంది. అలా పట్టుకుని పాడి చూపించింది కూడా.

అడెలా హార్మోనియం వదిలేసి లేచింది. పరిగెత్తుకుంటూ బయటికి వెళ్ళి ఎడమవైపు పిల్లల్ని ఆపింది. ఒక్కొక్కరినీ నోరు తెరవమంది. ముందు నవ్వారు, తరవాత తెరిచారు. అందరికీ ఉంది. ఒకరికి చారలు, ఒకరికి చుక్కలు, ఒక పిల్లాడికి పన్నంతా తుప్పు రంగు. ఎడమవైపు వాళ్ళంతా ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళు, లేదా ఒళ్ళో ఉండగా వచ్చినవాళ్ళు. కుడివైపు వాళ్ళంతా పళ్ళొచ్చాక నిన్నా మొన్నా దిగినవాళ్ళు. ఒక్క మేబెల్ తప్ప. మేబెల్ ఈ ఊళ్ళోనే పుట్టింది. దాని పళ్ళు మల్లెమొగ్గల్లా ఉంటాయి.

ఆవిడ నడివీధిలో అలా నించుండిపోయింది. గోడకి తగిలి పగిలిన గ్లాసు గుర్తొచ్చింది.

డాక్టరు వైద్యశాలలో పట్టకార్లు తుడుచుకుంటున్నాడు. అడెలా తలుపు మూసింది.

"నీళ్ళే కదూ?" అంది.

ఆయన తుడవడం ఆపలేదు. "ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్పారని అడుగుతున్నారా? కాదనరేం?"

"కూర్చో అడెలా."

"కూర్చోను. ఎప్పట్నుంచి తెలుసు మీకు?"

ఆయన పట్టకారు గుడ్డ మీద పెట్టాడు. నిదానంగా, రోగికి చెప్పినట్టే చెప్పాడు. "బండి మీద తిరిగే రోజుల్లో చివర్స్ వాళ్ళ రాంచ్‌లో చూశాను. పెద్దపిల్లలు టెనెస్సీలో పుట్టినవాళ్ళు, తెల్లటి పళ్ళు. ఇక్కడ పుట్టిన చిన్నవాళ్ళకి మరకలు. వాగునీళ్ళు తాగే ఇళ్ళల్లో లేవు, లోతు బావులున్న ఇళ్ళల్లో ఉన్నాయి. అనుమానం, అంతే. రుజువేం లేదు."

"రుజువు లేని అనుమానానికి మన తొట్టికి తాళం ఎందుకు?"

"అడెలా, విను. ఆ పళ్ళు పుచ్చవు. ఇన్నేళ్ళలో ఆ పిల్లల్లో ఒక్కడికి పుచ్చుపన్ను పీకలేదు నేను. రాయిలాంటి పళ్ళు. రంగు ఒక్కటే తేడా. రంగుకి ఎవరైనా చస్తారా? ఆ రంగు కోసం ఊరుని చంపుకోమంటావా? ఒక్క మాట బయటికి పొక్కితే ఒక్క రైలు ఆగదు. ఈ బడి, ఈ చర్చి, ఈ మనుషులు, అన్నీ నేను ఈ రెండు చేతుల్తో తెచ్చినవి."

"అంత మంచి పళ్ళయితే మేబెల్‌కెందుకు తాగించలేదు?"

ఆయన పట్టకారు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. తరవాత అన్నాడు, "ఆడపిల్ల కదే."

"మరి ఫెర్న్?"

ఆయన పట్టకారు తిరగేసి మళ్ళీ తుడవసాగాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన ఏం చెప్పినా రెండో మాట లేకుండా నమ్మింది. ఆ నమ్మకాన్నే చేత్తో పట్టుకుని, దాంతోనే చెల్లెల్ని పిలిపించాడు, దాంతోనే చెల్లెలి కూతురికి నీళ్ళు పోయించాడు. పాపిష్టి పని తనతో చేయించి, ఆయన చేతులు శుభ్రంగా ఉంచుకున్నాడు.

"హెస్టర్‌ని సోడాతో తోమమన్నారు" అంది. "చిగుళ్ళు చీరుకుపోయేదాకా తోమిందది. తనదే తప్పనుకుని."

"ఏదో ఒకటి చెప్పాలి కదా."

"ఇప్పుడే వెళ్ళి దానికి చెప్తాను."

"చెప్పు" అన్నాడాయన, కుర్చీ మీద చెయ్యేసి. "చెప్పి రేపు ఆ ఇండియానా వాడికి పొలం ఎలా అమ్ముతుందో కూడా నువ్వే చెప్పు. తెలిసి అమ్మితే అది మోసం, తెలియక అమ్మితే కాదు. ఈ ఒక్కరోజు నోరు మూసుకుంటే వాళ్ళు బయటపడతారు. ఓటిస్‌కి ఇంకా రావలసిన పళ్ళు మిజోరీలో వస్తాయి, తెల్లగా. నీ చెల్లెలి మేలు కోరితే ఆగు."

ఎంత చక్కగా చెప్పాడంటే, అడెలా ఆగింది. పట్టకారు లేకుండానే ఆవిడ నోరు పట్టేశాడు.

మర్నాడు రైలు వచ్చింది. గాలి లేదు, ఎండ బాగానే ఉంది, గుమ్మడికాయలు మెరుస్తున్నాయి. అడెలా హార్మోనియం తొక్కింది, తెల్లపళ్ళ పిల్లలు పాడారు. ముందు వరసలో మేబెల్. డాక్టరు గ్లాసెత్తి, "స్వర్గంలో ఏం పోస్తారో నాకు తెలీదు గానీ, భూమ్మీద మాత్రం ఇదే" అని తాగేశాడు. ఎన్ని తాగినా ఆయన పళ్ళకేం కాదు, అవి ఎప్పుడో వర్జీనియాలో వచ్చినవి. జనం చప్పట్లు కొట్టారు.

ఇండియానా ఆయన దిగాడు. వెనకే భార్య. ఆవిడ చంకలో పాలు తాగే పాప.

అడెలా వేళ్ళు హార్మోనియం మెట్ల మీద తడబడ్డాయి. ఎనిమిదేళ్ళ కిందట ఇదే చోట హెస్టర్ సరిగ్గా ఇలాగే దిగింది. ఇంతే నీరసంగా, ఇంతే నవ్వుముఖంతో. లూథర్ టోపీ తీసి వాళ్ళకి ఎదురెళ్ళాడు. హెస్టర్ ఓటిస్‌ని ఫెర్న్ చేతికిచ్చి, ఇండియానా ఆవిడని చెయ్యి పట్టుకుని నీడకి తీసుకెళ్ళింది.

"అలిసిపోయినట్టున్నారు. పాప పెదాలు ఎలా ఎండిపోయాయో చూడండి. ఆగండి, నీళ్ళు పడతాను. మా ఇంటి బావి కూడా అచ్చం ఇలాంటిదే, రేపట్నుంచి మీదే కదా" అంది హెస్టర్ నవ్వుతూ. రేకు కప్పు ముంచి, పాప తల వెనక చెయ్యి పెట్టి, పెదాలకి ఆనించబోయింది.

పాట మధ్యలో హార్మోనియం ఆగిపోయింది. అడెలా ఎప్పుడు లేచిందో, పిల్లల వరసలోంచి ఎలా దూసుకొచ్చిందో ఆవిడకే తెలీదు. రేకు కప్పుని చేత్తో కొట్టింది. అది ఎగిరి పట్టాల మీద పడి మోగింది. పాప గుక్కపట్టి ఏడ్చింది.

"పసిపిల్లలకి ఆ నీళ్ళు పట్టొద్దు" అంది అడెలా. ప్లాట్‌ఫారం మీద అందరికీ వినపడింది. "పళ్ళు పాడవుతాయి. ఎప్పటికీ పోవు."

డాక్టరు అప్పుడే పక్కకొచ్చి నించున్నాడు. ఆవిడ భుజం మీద మెత్తగా చెయ్యేశాడు. "మా ఆవిడకి ఈ మధ్య నరాల నీరసం. ఎండ పడదు. క్షమించండి" అన్నాడు ఇండియానా ఆవిడతో. ఎంత దయగా అన్నాడంటే, చుట్టూ ఉన్నవాళ్ళు అడెలా వంక జాలిగా చూశారు. ఆవిడ ఆ చేతిని భుజం మీంచి తీసేసింది.

"ఫెర్న్, ఇలా రా. నోరు తెరువమ్మా" అంది.

ఫెర్న్ తమ్ముణ్ణి ఎత్తుకునే వచ్చింది. నోరు తెరవలేదు, చెయ్యడ్డం పెట్టుకుంది. తెరవనక్కర్లేకపోయింది. జెండాలు పట్టుకున్న పిల్లలంతా ఏమయిందో చూద్దామని నోళ్ళు వెళ్ళబెట్టుకుని నించున్నారు. ఇండియానా ఆయన ఆ నోళ్ళన్నీ చూశాడు. పాడే పిల్లల వంక ఒకసారి చూశాడు. భార్య చంకలోంచి పాపని తీసుకుని, ఆవిడతో సహా మళ్ళీ రైలెక్కేశాడు. ఆయన వెనక ఇంకో రెండు కుటుంబాలు ఎక్కాయి.

లూథర్ టోపీ చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. "ఏం పని చేశావు వదినా" అన్నాడు. "నా పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోయేవాణ్ణి కదా నేను. ఇంకొక్క గంట."

హెస్టర్ మాత్రం అక్కనే చూస్తోంది. పొలం సంగతి ఆవిడకింకా తలకెక్కలేదు. అంతకంటే ముందు ఎక్కవలసింది వేరే ఉంది.

"నీకెప్పుడు తెలిసిందక్కా?"

"నిన్న. ఒట్టు, నిన్ననే."

"నిన్న తెలిసి ఇవాళ్టిదాకా నాకు చెప్పలేదు."

"పొలం అమ్ముడుపోతే మీరు..."

"నా బిడ్డ తాగినన్నాళ్ళు లేవని చెయ్యి, ఎవరో పిల్లకి లేచిందన్నమాట." హెస్టర్ గొంతు పెంచలేదు. మేబెల్ వైపు చూసింది. ముందు వరసలో, తెల్ల గౌనులో, తెల్లటి పళ్ళతో, ఏడుపు మొహం పెట్టుకుని నించున్న మేబెల్ వైపు. ఆ వంటింటిని తలుచుకుంటున్నట్టు ఆవిడ కళ్ళు చిన్నవయ్యాయి. "మీ ఇంట్లో రెండు కూజాలుంటాయి కదూ. మేబెల్‌కి నీలంది. ఫెర్న్‌కి దేంట్లోంచి పోసేదానివి?"

అడెలా ఫెర్న్ వైపు తిరిగింది. పెద్దమ్మని అమ్మ తిడుతోందని ఫెర్న్ అనుకుంది. పాపం, వెనకేసుకురాబోయింది.

"నాకెప్పుడూ మంచి కూజాలోంచేనమ్మా" అంది, నోటికి చెయ్యడ్డం పెట్టుకునే. "పువ్వులది. నేను చుట్టాన్ని కదా."

హెస్టర్ కొడుకుని ఎత్తుకుంది, కూతురి చెయ్యి పట్టుకుంది, ఎండలో ఇంటి దారి పట్టింది. వెనక్కి తిరిగి చూడలేదు. రైలు కూత వేసింది. డాక్టరు మిగిలినవాళ్ళని పోగేసి గోధుమపనలు చూపించడం మొదలుపెట్టాడు.

ఊరికి కోపం వచ్చింది. డాక్టరు మీద కాదు, అడెలా మీద. పొలాల ధర నేలకి కొట్టిందని ఆడవాళ్ళు మాటలు మానేశారు. చర్చి హార్మోనియం ఇంకొకరికిచ్చారు. ఆయన్నేమో మర్నాటికే క్షమించేశారు. అందరి నోళ్ళూ ఆయన చేతుల్లోనే ఉన్నాయి కదా, పన్ను సలిపితే ఎక్కడికి పోతారు? అడెలాకి ఇవేవీ పట్టలేదు. ఆయన తలగడ కింద నుంచి తొట్టి తాళంచెవి తీసుకుంది. ఆయన అడ్డుపడలేదు, "మరి మేబెల్‌కి?" అని మాత్రం అన్నాడు. "దానికి రావలసిన పళ్ళు వచ్చేశాయి" అంది. ఆ ఇంట్లో ఆ తరవాత ఆయనతో ఆవిడ మాట్లాడింది చాలా తక్కువ.

తొట్టిలో అడుగున మిగిలిన వాననీళ్ళు రెండు బకెట్లలో ముంచుకుని, మైలు దూరం నడిచి వెళ్ళింది. చేతులు బొబ్బలెక్కాయి. హెస్టర్ గుమ్మంలో బీన్స్ వలుస్తోంది. లూథర్ పొలంలో ఉన్నాడు. ఫెర్న్ పెద్దమ్మని చూసి లేవబోయి, అమ్మ మొహం చూసి కూర్చుండిపోయింది.

"ఓటిస్‌కి" అంది అడెలా, బకెట్లు దించి. "రోజూ తెస్తాను. తొట్టి ఎండితే వాగు నుంచి తెస్తాను."

హెస్టర్ లేచింది. బకెట్లు లోపలికి తీసుకెళ్ళి, నీళ్ళు తన కుండలో జాగ్రత్తగా, ఒక్క చుక్క ఒలకకుండా వంపుకుంది. ఖాళీవి తెచ్చి గుమ్మంలో పెట్టింది. అడెలా వాటిని అందుకుని వెనుదిరగబోతే, "ఎండన పడి వచ్చావు, కూర్చో" అంది హెస్టర్.

అడెలా ప్రాణం లేచొచ్చింది. అరుగు మీద కూర్చుంది. హెస్టర్ గాలిమర దగ్గరికి వెళ్ళి, బావినీళ్ళు గాజుగ్లాసులో నింపుకుని వచ్చింది. ఆ ఇంట్లో ఉన్న ఒక్క గాజుగ్లాసు అదే, పెళ్ళికి అడెలా ఇచ్చినది. అంచు గౌను చెంగుతో తుడిచి, రెండు చేతులా అందించింది.

"తాగక్కా" అంది. "చుట్టానివి కదా."

ఫెర్న్ చూస్తోంది. అడెలా గ్లాసు అందుకుని, అడుగుదాకా తాగింది.